గంటామెకు కత్తెందుకు

"ఈ పిల్ల పుస్తకాల పిచ్చి ఏదో ఒకరోజు మన ఇంటి మీదికి ముప్పు తెస్తుంది, చూస్తూ ఉండండి," అంది జిగురమ్మ, టీ గ్లాసు భర్త ముందు పెడుతూ.

అప్పటికి ఏమీ జరగలేదు. సోమవారం పొద్దున్న ఏడున్నర అయింది. ఎండ కిటికీలోంచి సగం బల్ల దాకా వచ్చి ఆగింది. కూతురు ఇంకా గదిలోనే తల దువ్వుకుంటోంది. ఏమీ జరగకపోవడమే జిగురమ్మకు అనుమానం. నగరంలో ఏ గ్రంథాలయంలో పుస్తకం చిరిగినా ఆమె పనిచేసే మరమ్మతు గదికే వస్తుంది. అక్కడి వాళ్లు పెట్టిన పేరు జిగురమ్మ. భర్త కూడా ఇంట్లో అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. పట్టుకుంటే వదలదు కాబట్టి బాగానే అతికింది అంటాడు.

"నీకు మెరుపు మెరిస్తే పిడుగు పడ్డట్టేనే," అన్నాడతను. "మొన్న పది నిమిషాలు ఆలస్యమైతే నేను లిఫ్టులో ఇరుక్కుపోయాననుకున్నావు. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. ఇరుక్కున్నవాళ్లని తీసేవాణ్ణి."

"తీసేవాడు ఇరుక్కుంటే తీసేదెవరు?"

అతను టీ గ్లాసు అందుకునేలోగానే కూతురు జడ చివర రబ్బరు బిగించుకుంటూ బయటికొచ్చింది. కళ్లకింద నల్లగా ఉంది.

"నాన్నా, విన్నావా? గంటామె చేతికి కత్తి ఇచ్చారు!"

జిగురమ్మ చేతిలోని చెంచా నేలమీద పడింది. "కత్తా? ఎవరికి? ఎక్కడ?"

"పుస్తకంలోనమ్మా!"

"ముందే చెప్పొచ్చుగా, గుండె జారిపోయింది."

కూతురు కుర్చీలో కూలబడింది. 'మంచు రేవు' కథలు మొత్తం తొమ్మిది పుస్తకాలు. పదేళ్ల వయసు నుంచి ఈ ఇరవై నాలుగో ఏడు దాకా వాటిని ఎన్నిసార్లు చదివిందో ఆ పిల్లకే తెలియదు. రాసిన పెద్దావిడ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అచ్చువేసేవాళ్లు ఇంకెవరెవరి చేతో అదే రేవు మీద, అదే మనుషుల మీద కొత్త నవలలు రాయిస్తున్నారు. కూతురు వాటిని కొసరు నవలలంటుంది.

"అసలు కథలో గంటామె పిరికిది నాన్నా. చీకటంటే భయం, నీళ్లంటే భయం. మంచు పట్టినప్పుడు రేవులో కూర్చుని గంట కొట్టడం ఒక్కటే ఆవిడ పని. ఆ చప్పుడు పట్టుకుని పడవలు ఒడ్డుకు చేరాలి. ఈ కొసరు నవలలో ఆవిడ రహస్య యోధురాలట! భయపడడం అంతా నటనట! గంటలో కత్తి దాచుకుంటుందట!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? రాసినావిడే పోయింది."

"పోయింది కాబట్టే. ఉంటే ఊరుకునేదా? ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఇది తప్పని?"

"నువ్వేం చెప్పకు," అంది జిగురమ్మ గబగబా. "ఎవరి జోలికీ పోకు. చేరగానే ఫోన్ చెయ్యి."

"అమ్మా, కళ్లజోళ్ల షాపు రెండు వీధుల అవతల ఉంది."

"రెండు వీధులంటే రెండు రోడ్లు దాటాలి."

కూతురు చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఫోన్ చెయ్యదు. ఎప్పుడూ చెయ్యలేదు. సాయంత్రం ఆరున్నరకు తల్లే చేస్తుంది, పిల్ల కట్ చేస్తుంది. కట్ అయిందంటే క్షేమంగా ఉన్నట్టు. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

*

మరమ్మతు గదిలో కిటికీలు ఎత్తుగా ఉంటాయి. పొడవాటి బల్ల మీద జిగురు గిన్నె, రెండు కుంచెలు, మైనం రాసిన దారం ఉండ, ఎముకతో చేసిన మడత బద్ద, గోడవారన పుస్తకాలను బిగించే చెక్కలు. జిగురమ్మ ఒక పిల్లల బొమ్మల పుస్తకం వీపు ఊడదీసి పాత జిగురును గోరువెచ్చటి నీళ్లతో నానబెడుతూ ఉండగా రిజిస్టరు మేడం వచ్చి నాలుగు పుస్తకాలు బల్లమీద ధబీమని పెట్టింది.

"ఇవి చూడు జిగురమ్మా. చిరగలేదు, తడవలేదు. ఎవరో కూర్చుని మార్జిన్ల నిండా పాఠాలు చెప్పారు."

జిగురమ్మ చెయ్యి తుడుచుకుని పైపుస్తకం తెరిచింది. 'గంటామె రహస్యం'. ముప్పై ఒకటో పేజీ పక్కన, అచ్చుకు సమానంగా, నిటారుగా, పెన్సిలుతో: "తప్పు. ఆమెకు ఈత రాదు. అయిదో పుస్తకం, 212వ పేజీ చూడండి." ఇంకో పేజీలో: "తప్పు. ఆమె ఎడమచేతి వాటం." ఇంకోచోట పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి: "గంటామెకు కత్తెందుకు?"

'అ' చివర తోక పైకి విసిరి ఉంది. ఆ తోకను కిందికి దింపాలని ఒక వేసవి మొత్తం పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దించింది జిగురమ్మ. దిగలేదు. ఇదిగో, ఇరవై నాలుగేళ్లొచ్చినా దిగలేదు.

"పెద్దసారు మండిపడుతున్నారు," అంటోంది రిజిస్టరు మేడం. "ఎవరో తెలిస్తే కార్డు జన్మకి రద్దట. పనిచేసేచోటికి ఉత్తరం కూడా రాస్తారట. ఎవరో పనీపాటా లేనివాళ్లు."

"పని ఉంది..." అనబోయి జిగురమ్మ నాలుక కరుచుకుంది. "నాకు పని ఉంది మేడం. తుడిచేస్తాను, అక్కడ పెట్టండి."

ఆమె వెళ్లగానే తలుపు దగ్గరగా వేసింది. ఒక్క నిమిషంలో జరగబోయేదంతా కళ్లముందు జరిగిపోయింది: ఉత్తరం కళ్లజోళ్ల షాపుకు వెళ్లింది, షాపాయన పిల్లను మాన్పించాడు, ఇరుగుపొరుగు నవ్వారు, తనను పెద్దసారు పిలిచి దొంగను ఇంట్లో పెట్టుకుని ఇక్కడ జీతం తీసుకుంటున్నావా అన్నారు.

మెత్తటి రబ్బరు తీసుకుంది. ఎడమ అరచేత్తో కాగితాన్ని ఒత్తిపట్టి, కుట్టు వైపునుంచి అంచు వైపుకు ఒకే దిక్కుగా రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే కాగితం ముడతపడుతుంది. పంతొమ్మిదేళ్లలో ఒక్క కాగితం ముడతపడలేదు. ఆరోజు రెండు పడ్డాయి. పొట్టును కుంచెతో నెట్టి, పేజీ తిప్పి, మళ్లీ రుద్దింది. ఏం రాసిందో చదవలేదు. చదివితే చెయ్యి ఆగుతుందని భయం.

నాలుగో పుస్తకంలో, కూతురి రాత కింద, ఇంకో రాత కనిపించింది. సన్నగా, పక్కకు వాలి, తేలిగ్గా రాసిన అక్షరాలు. దొరక్కుండా ఉండడానికి చెయ్యి మార్చి కూడా రాస్తోందన్నమాట! ఇంత తెలివి ఎప్పుడొచ్చింది ఈ పిల్లకి? ఆ వాలు అక్షరాలను మరీ గట్టిగా రుద్దింది. వాటి జాడే ఉండకూడదని రుద్దింది. అన్నీ అయ్యాక ఆ నాలుగో పుస్తకం వీపు వదులుగా ఉందని గమనించి, జిగురు పెట్టి, చెక్కల మధ్య బిగించింది. మిగిలిన మూడూ మర్నాడే వ్యానులో లైబ్రరీకి వెళ్లిపోయాయి.

ఇంటికొచ్చి చేసిన మొదటిపని, ఇంట్లో ఉన్న పెన్సిళ్లన్నీ ఏరి పిండి డబ్బాలో దాచడం. ఆరు దొరికాయి.

"నా పెన్సిలేదే?" మంగళవారం పొద్దున్న భర్త చెవి తడుముకుంటూ ఇల్లంతా తిరిగాడు. "తలుపు కొలత గుర్తు పెట్టుకోవాలి, పెన్సిలేది?"

"పెన్నుతో పెట్టుకోండి."

"ఇనుము మీద పెన్నా?"

"అయితే గుర్తుపెట్టుకోకండి, జ్ఞాపకం పెట్టుకోండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆ మొహంలో ఎన్ని రకాల భయాలుంటాయో అతనికి తెలుసు. ఇది కొత్తరకం. ఏమీ అడక్కుండా పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

బుధవారం సాయంత్రం కూతురు ఆలస్యంగా వచ్చింది. వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, అటక మీంచి అట్టపెట్టె దించి, అలమరలోంచి తొమ్మిది పుస్తకాలూ తీసి అందులో పేర్చడం మొదలుపెట్టింది. లెన్సు అంచులు అరగదీసే పిల్ల, ఏ వస్తువునైనా రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎత్తుతుంది. ఆరోజు పుస్తకాలను అరచేత్తో పట్టి తోసేస్తోంది.

"ఏమైందే?" అంది జిగురమ్మ గుమ్మంలో నిలబడి.

"ఏం కాలేదు. ఎవరికైనా ఇచ్చేస్తా."

"ఇన్నేళ్లూ ముట్టుకుంటే అరిచేదానివి..."

"మూడు నెలలుగా రాశానమ్మా," అంది కూతురు పెట్టెలోకి చూస్తూనే. "తప్పే, లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదు, తెలుసు. పెన్సిలుతోనే రాశాను. ఎవరో ఒకరు చదువుతారు, ఒక్కరైనా 'అవును' అంటారు అనుకున్నా. ఇవాళ వెళ్లి చూస్తే పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. తుడిచేవాళ్లున్నారు గానీ చదివేవాళ్లు లేరు. నాకొక్కదానికే పట్టింది ఈ గోల."

జిగురమ్మ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేసింది. ఒక్కరైనా అవునంటారు. అంటే ఆ వాలు అక్షరాలు...

ఆ రోజు దాకా ఆమె కోరుకున్నది ఇదే. పిచ్చి వదిలింది. కార్డు దక్కింది, ఉద్యోగాలు దక్కాయి, పెద్దసారుకు ఎప్పటికీ తెలియదు. ఊరుకుంటే చాలు. నోరు మెదపకుండా వెళ్లి వంటింట్లో పొయ్యి కట్టేసిందో లేదో చూసుకుంది. కట్టేసే ఉంది. మళ్లీ చూసుకుంది.

*

గురువారం పొద్దున్న పెట్టెలోంచి 'మంచు రేవు' అయిదో పుస్తకం సంచిలో వేసుకుని పనికి వెళ్లింది.

చెక్కలు వదులుచేసి, సోమవారం బిగించిన నాలుగో లైబ్రరీ పుస్తకం బయటికి తీసింది. జిగురు బాగానే పట్టింది. వాలు అక్షరాలు కనిపించిన పేజీ తెరిచింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. తన పనితనం చూసుకుని మొదటిసారి సిగ్గుపడింది. బల్లమీది దీపాన్ని మెడ వంచి కాగితానికి సమానంగా, బాగా పక్కకు దించింది. పెన్సిలు పొడి పోతుంది గానీ ఒత్తిన గాడి పోదు. చిరుగులు ఎక్కడ మొదలయ్యాయో చూడడానికి రోజూ చేసే పనే అది. ఆ పక్క వెలుగులో కాగితం మీద అక్షరాలు నీడలై లేచాయి.

కూతురిది గట్టి చెయ్యి. మొత్తం చదవగలిగింది.

"ఈ నవల రాసినవారికి ఒక ప్రశ్న. భయం లేని మనిషి పదకొండు రాత్రులు నిద్రపోకుండా గంట ఎందుకు కొడుతుంది? భయం ఉన్నవాళ్లే కొడతారు. మీ ఇంట్లో మీకోసం ఎవరూ భయపడలేదా?"

జిగురమ్మ దీపం ఆర్పేసింది. మళ్లీ వెలిగించి మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మూడోసారి చదివింది.

కింద వాలు అక్షరాలు అంత తేలిగ్గా దొరకలేదు. తానే అంత గట్టిగా రుద్దింది మరి. దీపాన్ని ఇటూ అటూ జరిపి, దొరికిన మాటను దొరికినట్టు ఒక చీటీ మీద రాసుకుంది. "అవును" దొరికింది. తరవాత కొంత పోయింది. "నేనూ ఒక్కదాన్నే అనుకున్నా" దొరికింది. "మంగళవారాలు వస్తాను." "మీరెవరు?"

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక అయిదో పుస్తకం తీసి 212వ పేజీ వెతికింది. జిగురమ్మ కొన్ని వేల పుస్తకాలు కుట్టింది గానీ చదివినవి తక్కువ. కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా చదివింది. రేవులో వాళ్లంతా పడవలు మునిగాయని చెప్పి ఇళ్లకు వెళ్లిపోతారు. గంటామె వెళ్లదు. చేతులు వణుకుతుంటాయి. వణికే చేతులతోనే తాడు లాగుతుంది. పిచ్చిదంటారు, నిద్ర చెడగొడుతోందంటారు. పదకొండు రాత్రులు అవతలినుంచి ఒక్క పలుకు రాదు. పన్నెండో పొద్దున మంచులోంచి ఒకే ఒక్క మాట వస్తుంది: వస్తున్నాం.

"ఈవిడకి కత్తెందుకు?" అంది జిగురమ్మ పైకే, ఖాళీ గదిలో.

అప్పుడు లేచి నాలుగు తెల్ల కాగితాలు తీసింది. మడత బద్దతో మధ్యకు మడిచి, ఒకదాన్లో ఒకటి దూర్చి, దారానికి మైనం రాసి, మడత మీద మూడు చోట్ల సూది దింపి కుట్టింది. ఎనిమిది ఆకులయ్యాయి. నాలుగో పుస్తకం చివర, అట్టకు ముందు, సన్నటి జిగురు గీత మీద వాటిని నిలబెట్టి ఒత్తింది. మొదటి ఆకు తలమీద సిరాతో, చూచిరాత అక్షరాలతో రాసింది: "చదివినవాళ్లు ఇక్కడ రాయండి. మార్జిన్లో రాయకండి."

జిగురు ఆరిందో లేదో, ఆ పుస్తకం గుండెకు అదుముకుని పెద్దసారు గదికి నడిచింది. పదహారు మెట్లు. ప్రతి మెట్టు మీదా వెనక్కి తిరుగుదామనుకుంది.

"మార్జిన్లో రాసింది మా అమ్మాయి సార్," అంది లోపలికి వెళ్లగానే, కూర్చోమనకముందే. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "నాకు సోమవారమే తెలిసింది. చెప్పలేదు. తుడిచేశాను. దానితోపాటు ఇంకెవరో రాసిన జవాబు కూడా తుడిచేశాను."

పెద్దసారు కలం మూత పెట్టాడు. చేతులు చాపి పుస్తకం తీసుకుని వీపు నొక్కి చూశాడు, చివరి ఆకులు తిప్పి చూశాడు, ఆమె రాసిన రెండు వాక్యాలు చదివాడు. ఆ ఎనిమిది ఆకులూ తిప్పడానికి ఆయనకు ఒక యుగం పట్టినట్టనిపించింది.

"కుట్టు బాగుంది," అన్నాడు చివరికి.

"సార్?"

"మార్జిన్లో రాయడం తప్పు. కార్డు నెలరోజులు ఆపుతాను, మీ అమ్మాయైనా సరే. చెప్పనందుకు మీ మీద కూడా కోపంగానే ఉంది." పుస్తకం ఆమె వైపు జరిపాడు. "కానీ పుస్తకం చివర ఖాళీ ఆకులు కుట్టొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. మిగతా మూడూ వెనక్కి తెప్పించి వాటికీ కుట్టండి. ఇది రేపటి వ్యానులో వెళ్లిపోవాలి."

మెట్లు దిగుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కింద రిజిస్టరు మేడం, "ఏంటి జిగురమ్మా, మొహం అలా ఉంది, ఉద్యోగం పోయిందా?" అంది.

"పోలేదు."

"మరి ఏడుపెందుకు?"

"పోతుందనుకున్నాగా, అందుకు."

*

ఆ సాయంత్రం అయిదో పుస్తకాన్ని తిరిగి పెట్టెలో సర్ది, చీటీని కూతురి ముందు పెట్టింది. అట్టపెట్టె ఇంకా గది మధ్యలోనే ఉంది.

కూతురు చదివింది. తల ఎత్తింది. "ఎక్కడిది ఇది?"

"నీ ప్రశ్న కింద ఉంది. ఎవరో ఒకావిడ."

"నువ్వెలా..." ఆ పిల్ల ఆగిపోయింది. తల్లి వేళ్ల వైపు చూసింది, ఎప్పుడూ జిగురు పొర ఎండి ఉండే ఆ వేళ్ల వైపు. "తుడిచింది నువ్వా?"

"నేనే."

"మొత్తం?"

"మొత్తం. చెయ్యి మార్చి నువ్వే రాశావనుకున్నానమ్మా. నీ కార్డు తీసేస్తారని, ఉద్యోగం..."

కూతురు చీటీ తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసి ఉంటే బాగుండేదనిపించింది జిగురమ్మకు. ఆకులు కుట్టిన సంగతి, కార్డు నెల ఆగిన సంగతి మూసిన తలుపుకే చెప్పింది.

శుక్రవారం ఆ పిల్ల టీ తాగింది, జడ వేసుకుంది, వెళ్లింది, వచ్చింది. మాట్లాడలేదు. ఆరున్నరకు తల్లి ఫోన్ చేస్తే కట్ అయింది. క్షేమం. అంతవరకే.

"నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది," అన్నాడు భర్త. పిండి డబ్బాలోంచి తన పెన్సిలు తీసుకుని, పిండి ఊది, చెవిమీద పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పావు చూడు, అది పెద్దపని."

"చెప్పకపోతే నాతో మాట్లాడుతూ ఉండేది."

"మాట్లాడేది. పుస్తకాలు మాత్రం పెట్టెలో ఉండేవి."

శనివారం సాయంత్రం ఆరున్నరకు జిగురమ్మ బాల్కనీలో నిలబడి ఫోన్ చేసింది. మోగింది. కట్ అవలేదు. మోగి మోగి ఆగిపోయింది.

కట్ చెయ్యకపోవడం ఇదే మొదటిసారి. రోడ్డు. బస్సు. లెన్సులు అరగదీసే యంత్రంలో వేలు. కింద వీధిలో అంబులెన్సు లాంటిదేదో వెళ్లింది. చూస్తే పాలవ్యాను. మళ్లీ చేసింది. మళ్లీ మోగి ఆగింది.

"లైబ్రరీకి వెళ్లిందేమోనే," అన్నాడు భర్త లోపల్నుంచి.

"కార్డు లేదుగా!"

"కార్డు లేకపోతే కూర్చోడానికి కుర్చీ కూడా ఇవ్వరా? అట్టపెట్టె చూశావా నువ్వు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పెట్టె ఖాళీగా, నోరు తెరుచుకుని ఉంది. అలమరలో పుస్తకాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎనిమిదే ఉన్నాయి. అయిదోది లేదు.

మూడోసారి చేసింది. వేళ్లు వణుకుతుంటే ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. మోగుతోంది. మోగుతోంది. ఆగిపోయింది. ఇంక ఆపు, విసుక్కుంటుంది, పిచ్చిదంటుంది అనుకుంటూనే నాలుగోసారి నొక్కింది.

అవతల ఫోన్ ఎత్తారు.

మాట లేదు. ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, వరండాలో అడుగులు. తరవాత ఊపిరి. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకు తెలుసు. పుట్టిన రోజునుంచీ వింటున్నదే.

"ఆకులు బాగా తెరుచుకుంటున్నాయా?" అంది జిగురమ్మ. ఇంకేం అడగాలో తోచలేదు.

జవాబు లేదు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. బాల్కనీ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎదుటి మేడలో ఒక దీపం వెలిగింది, తరవాత ఇంకొకటి. లోపల భర్త గ్లాసు కింద పెట్టడం కూడా ఆపేసినట్టున్నాడు.

"మొదటి ఆకు నేనే నింపేశానమ్మా," అంది కూతురు, చాలాసేపటికి. "రెండోది ఆవిడకి వదిలాను. మంగళవారం వస్తానంది కదా."

"ఊఁ."

తరవాత సంచి భుజాన వేసుకున్న చప్పుడు, మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు.

"వస్తున్నానమ్మా."